పేరు రాయని ఆ సోదరి

మార్చి 8 గురించి మనలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. దానికి ముందు రోజు, మార్చి 7, కథోలిక క్యాలెండర్లో ఇద్దరు స్త్రీల పండుగ. ఒకామె పెర్పెతువ, ఇంకొకామె ఫెలిసిత. క్రీ.శ. 203లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో, అంటే ఇప్పటి ట్యునీషియా రాజధాని ట్యూనిస్ పక్కన, క్రైస్తవాన్ని వదులుకోమన్నందుకు వీళ్ళని పశువుల కొమ్ములకి వదిలి, చివరికి కత్తితో చంపారు. ఒకామెకి పాలు తాగే కొడుకు ఉన్నాడు. రెండో ఆమె పచ్చి బాలింత.

మాది గుంటూరు జిల్లాలో ఒక కథోలిక కుటుంబం. చిన్నప్పుడు ఆదివారం జ్ఞానోపదేశం క్లాసులో వేదసాక్షుల కథలు చెప్పేవాళ్ళు. ప్రేమ అంటే ఏమిటని అడిగితే తనని తాను ఇచ్చుకోవడం అని జవాబు చెప్పాలి. ఇంటికొచ్చాక కూడా అదే మాట వినబడేది. మా పెద్దమ్మ గురించి ఎవరు మాట్లాడినా ‘త్యాగం’ అనేవాళ్ళు. చర్చిలో ఆ మాట యేసుకి, ఇంట్లో పెద్దమ్మకి. రెండు చోట్లా ఒకటే మాట వాడుతున్నాం కదా, అర్థం కూడా ఒకటేనా అన్న అనుమానం నాకు చాలా ఆలస్యంగా వచ్చింది. దాన్ని తెచ్చింది పెర్పెతువ రాత. అందుకే ఈ వ్యాసం.

ముందు ఆ ఇద్దరి పేర్లూ పూజలో ఎక్కడ వినబడతాయో చెప్పాలి. దివ్యబలి పూజలో గురువు చదివే ప్రార్థనల్లో అన్నిటికన్నా పాతదైన రోమన్ ప్రార్థన చివర్లో కొందరు పునీతుల పేర్లు వస్తాయి. అందులో ఏడుగురు స్త్రీలు: ఫెలిసిత, పెర్పెతువ, అగత, లూసీ, ఆగ్నెస్, సిసిలీ, అనస్తాసియ. మా అమ్మమ్మ కాలంలో పూజ లాటిన్‌లో జరిగేది. ఆ ప్రార్థనని గురువు పీఠం వైపు తిరిగి లోగొంతుతో చదువుకునేవాడు. అందువల్ల ఆ పేర్లు ఆమె చెవిన పడే అవకాశమే లేదు. రెండవ వాటికన్ మహాసభ (1962–65) తర్వాత పూజ తెలుగులోకి వచ్చింది. అయితే ఆ తర్వాత అచ్చయిన పూజ గ్రంథంలో ఈ ఏడు పేర్లనీ బ్రాకెట్లో పెట్టారు. చదివితే చదవొచ్చు, వదిలేస్తే వదిలేయొచ్చు. కొందరు మగ పునీతులూ ఆ బ్రాకెట్లో ఉన్నారు, నిజమే. కానీ బ్రాకెట్ బయట మిగిలిన నలుగురూ మగవాళ్ళే. ఆ జాబితాలోని ఆడవాళ్ళందరూ బ్రాకెట్ లోపలే.

పెర్పెతువ నాకు పూజలో దొరకలేదు. యూనివర్సిటీ లైబ్రరీలో దొరికింది. స్త్రీల ఆత్మకథల మీద పరిశోధన మొదలుపెట్టిన రోజుల్లో పీటర్ డ్రోంకె 1984లో రాసిన ‘విమెన్ రైటర్స్ ఆఫ్ ది మిడిల్ ఏజెస్’ తీశాను. ఆయన వరస మొదలయ్యేది ఈమెతోనే. క్రైస్తవ స్త్రీ తన చేత్తో రాసుకోగా మనదాకా మిగిలిన రాతల్లో అత్యంత పాతవాటిలో ఇదొకటి. ఆమె జైలు రాతల్ని మధ్యలో పెట్టి, ముందూ వెనకా పేరు తెలియని ఒక సంకలనకర్త తన మాటలు చేర్చాడు. ఆ భాగం నిజంగా ఆమె రాసిందేనా అని సందేహించిన పండితులూ ఉన్నారు కానీ, ఎక్కువమంది ఆమెదేనని ఒప్పుకుంటారు. చదివినప్పుడు నాకూ అలాగే అనిపించింది. పాలు గడ్డకట్టి నొప్పి పెడతాయేమోనన్న భయం మగవాడి ఊహకి అంత తొందరగా తడుతుందా?

పెర్పెతువకి అప్పటికి సుమారు 22 ఏళ్ళు. మంచి కుటుంబం, చదువుకున్నది, పెళ్ళయినది. అమ్మా నాన్నా ఉన్నారు, ఇద్దరు అన్నదమ్ములున్నారు, చంటి కొడుకున్నాడు. భర్త ప్రస్తావన మాత్రం ఎక్కడా లేదు. ఆమెతో పాటు జ్ఞానస్నానానికి సిద్ధపడుతున్న మరికొందర్నీ పట్టుకున్నారు. రెవోకతస్, అతని తోటి బానిస ఫెలిసిత, సతుర్నినస్, సెకుందులస్. వీళ్ళకి బోధించిన సతురస్ తర్వాత తనంతట తానే వచ్చి లొంగిపోయాడు. చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్. ఆయన కొడుకు గేటా పుట్టినరోజు సందర్భంగా జరిపే క్రీడల్లో వీళ్ళు చావాలి. అది ఊరంతటికీ వినోదం.

ఆమె రాతలో సిద్ధాంతం తక్కువ, ఒంటి బాధ ఎక్కువ. జైల్లో చీకటి, ఉక్క, సైనికుల దోపిడీ, అన్నిటికీ మించి బిడ్డ గురించిన బెంగ. తెర్తియస్, పొంపోనియస్ అనే ఇద్దరు డీకన్లు లంచమిచ్చి వీళ్ళని కాసేపు కాస్త గాలి వచ్చే చోటికి మార్పించారు. అక్కడ ఆకలికి సొమ్మసిల్లిన బిడ్డకి ఆమె పాలిచ్చింది. తర్వాత బిడ్డని తన దగ్గరే ఉంచుకోవడానికి అనుమతి సంపాదించింది. ఇక ఆ జైలే తనకి రాజభవనమైపోయిందని రాసుకుంది. ప్రాణం ఇవ్వడానికి సిద్ధపడిన మనిషి, ఇవ్వబోయే ముందు రోజుల్లో కూడా బిడ్డని ఒళ్ళోకి తీసుకోవడాన్నే సుఖమని రాసుకుంది. ప్రేమ అంటే మమకారాలు తెంచుకోవడమని మాకు నేర్పిన పాఠంలో ఈ పేజీ లేదు.

ఇక తండ్రి. మొదటిసారి వచ్చి మతం వదలమన్నప్పుడు, ఆమె అక్కడున్న ఒక కూజాని చూపించి, దాన్ని ఇంకో పేరుతో పిలవగలమా అని అడిగింది. తాను క్రైస్తవురాలు, ఇంకో పేరు పెట్టుకోలేదు. ఆయన కళ్ళు పీకేసేంత కోపంతో మీదికొచ్చాడు. ఇంకోసారి వచ్చినప్పుడు చేతులు ముద్దు పెట్టుకుని, కాళ్ళ మీద పడి ఏడ్చాడు. కూతురా అనడం మానేసి, అమ్మగారూ అన్నట్టు పిలిచాడు. ఆమె ఆ ముసలాయన మీద జాలిపడింది కానీ మాట మార్చలేదు. విచారణ రోజున తండ్రి ఆమె కొడుకుని ఎత్తుకుని ముందుకొచ్చి, బిడ్డ మొహం చూడమన్నాడు. అధికారి హిలారియానస్ కూడా అదే అన్నాడు. తండ్రి నెరిసిన జుట్టు చూడు, పసివాణ్ణి చూడు, చక్రవర్తుల క్షేమం కోసం బలి అర్పించు. ఆమె చెయ్యనంది. నువ్వు క్రైస్తవురాలివా అని అడిగితే అవునంది. అధికారి ఆ తండ్రిని కర్రతో కొట్టించాడు. దెబ్బ తనకే తగిలినట్టు బాధపడ్డానని ఆమె రాసింది.

ఇక్కడ ‘బలి’ అనే మాట ఎలా తిరగబడిందో చూడండి. రాజ్యం ఆమెని బలి అర్పించమంది, ఆమె కాదంది. ఆ కాదన్నందుకు తానే బలి అయింది. మనం త్యాగమూర్తి అని కీర్తించే మనిషి నోటివెంట వచ్చిన అసలు మాట ‘చెయ్యను’. తండ్రికి, అధికారికి, రాజ్యానికి, ముగ్గురికీ ఒకటే జవాబు. నా సిద్ధాంత గ్రంథంలో నేను రాసిందంతా దీని గురించే. పితృస్వామ్యాన్ని ధిక్కరించిన తొలి కంఠాల్లో ఇదొకటని రాశాను. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను.

తీర్పు తర్వాత ఆమె బిడ్డ కోసం కబురు పెట్టింది. తండ్రి ఇవ్వనన్నాడు. చిత్రంగా బిడ్డ కూడా పాల కోసం ఏడవడం మానేశాడని, తన రొమ్ములు సలపలేదని, అది దేవుడి దయ అని ఆమె రాసింది. ఆ తర్వాత బిడ్డ ఆ రాతలో కనిపించడు. ఆమెకి వచ్చిన కలలు కనిపిస్తాయి. ఒక కలలో ఆమె మగవాడిగా మారి ఒక ఈజిప్షియన్‌తో కుస్తీ పడుతుంది. గెలిచాక బహుమతి ఇచ్చే పెద్దమనిషి మాత్రం ఆమెని కూతురా అనే పిలుస్తాడు. క్రీడల రోజు ఏం జరిగిందో రాయాలనుకున్నవాళ్ళు రాసుకోవచ్చని చెప్పి ఆమె తన రాత ఆపేసింది.

రాసింది సంకలనకర్త. ఫెలిసిత గురించి మనకి తెలిసింది ఆయన చెప్పిన కొద్ది మాటలే. ఆమె బానిస, రాయడం ఆమె వంతుకి రాలేదు. చాలా చిత్రాల్లో, కథల్లో ఆమెని పెర్పెతువ దాసిగా చూపిస్తారు. మూలంలో ఆ మాట లేదు. నిండు చూలాలు, ఎనిమిదో నెల. గర్భిణికి మరణశిక్ష అమలు చెయ్యకూడదని చట్టం. తోటివాళ్ళంతా వెళ్ళిపోతే తర్వాత ఎవరో నేరస్థుల మధ్య ఒంటరిగా చావాల్సొస్తుందని ఆమె బెంగ. అందరూ కలిసి ప్రార్థించారు. క్రీడలకి రెండు రోజుల ముందు నొప్పులొచ్చాయి. ఆ నొప్పుల్లో అరుస్తుంటే, దీనికే ఇలా అంటే మృగాల ముందు ఏం చేస్తావని ఒక కాపలావాడు ఎగతాళి చేశాడు. ఈ బాధ నేనే పడుతున్నాను, అప్పుడు నాలో ఉండి నా కోసం బాధపడేవాడు వేరే ఉంటాడని ఆమె అర్థం వచ్చేలా జవాబిచ్చింది. ఆడపిల్లని కన్నది.

ఆ ఆడపిల్ల ఏమైంది? ఆ ప్రశ్నకి మూలంలో జవాబు ఒక్క ముక్కలో ఉంది. ఒక సోదరి ఆ పిల్లని తన కూతురిగా పెంచుకుంది. అంతే. వెంటనే కథ వధ్యశాల వైపు వెళ్ళిపోతుంది. ఆ రోజు స్త్రీల మీదికి వెర్రెత్తిన ఆవుని వదిలారు. వాళ్ళని బట్టలు విప్పించి వలల్లో చుట్టి తెస్తే, ఒకామె లేత వయసు, రెండో ఆమె రొమ్ముల నుంచి కారుతున్న పాలు చూసి జనమే భరించలేకపోయారు. బట్టలు కట్టించి మళ్ళీ తెచ్చారు. ఆవు కుమ్మి పడేశాక పెర్పెతువ లేచి, కిందపడ్డ ఫెలిసితకి చెయ్యందించి లేపింది. ఆ పక్కపక్కనే నిలబడ్డ ఇద్దరి బొమ్మే ఎన్నో చర్చిల గోడల మీదికెక్కింది. అందులో పిల్లని ఎత్తుకున్న సోదరి లేదు.

నేను ఈ పుస్తకాన్ని కనీసం పదిసార్లు చదివి ఉంటాను. ఆ ఒక్క ముక్క దగ్గర ఎప్పుడూ ఆగలేదు. మొదటిసారి ఆగింది పరిశోధన చివరి సంవత్సరంలో. అప్పటికి నా కూతురికి ఎనిమిది నెలలు. పెర్పెతువ మీద అధ్యాయం టైపు చేస్తున్నాను. లోపలి గదిలో పిల్ల ఏడ్చింది, ఊరుకుంది. ఊరుకోబెట్టింది మా పెద్దమ్మ. అప్పుడు ఆ వాక్యం కళ్ళకి ఆనింది. ‘సోదరి’ అని ఉంది లాటిన్‌లో. తోడబుట్టినదో, తోటి విశ్వాసో చెప్పలేదు. తెలుగులో ఎలా అనువదించాలి? మన ఇళ్ళల్లో సోదరి అనే మనిషి ఉండదు. అక్క ఉంటుంది, లేకపోతే చెల్లి ఉంటుంది. సోదరి చర్చిలో, సభల్లో పిలిచే పిలుపు. ఆమె ఎవరికి ఏమవుతుందో కూడా తేల్చకుండా, ఆమె చేతిలో ఒక పచ్చి గుడ్డుని పెట్టి చరిత్ర ముందుకి వెళ్ళిపోయింది.

రోమన్ చట్టం ప్రకారం బానిస కన్న బిడ్డ యజమాని సొత్తు. అలాంటి పిల్లని, అదీ మరణశిక్ష పడ్డ క్రైస్తవురాలి పిల్లని, తన కూతురని చెప్పుకుని పెంచడం తేలికైన పని కాదు. పాలెక్కడివి? ఇరుగుపొరుగుకి ఏం చెప్పింది? వధ్యశాలలో త్యాగం ఒక్క పూటలో ముగిసింది. ఈమెది పిల్ల పెరిగినన్నాళ్ళూ సాగింది. పెర్పెతువ కొడుకుని కూడా ఆ తాత ఒక్కడే పెంచి ఉంటాడని నేననుకోను. ఆ ఇంట్లో ఎవరో ఒక ఆడమనిషి ఒళ్ళోనే పెరిగి ఉంటాడు.

చనిపోయిన స్త్రీల పేర్లన్నా మిగిలాయి కదా అనుకుంటాం. మిగిలిన పేర్లని కూడా తర్వాతివాళ్ళు తమకి కావలసినట్టు దిద్దారు. ఈ కథకే తర్వాత ఒక పొట్టి పాఠం తయారైంది. అందులో పెర్పెతువకి భర్త వచ్చి చేరాడు. జైల్లో బిడ్డకి పాలిచ్చి ఊపిరి పీల్చుకున్న తల్లి, ఆ పాఠంలో బిడ్డని విసిరికొట్టి, కన్నవాళ్ళని తోసేసి, దుర్మార్గులారా పొండి అనే ధోరణిలో మాట్లాడుతుంది. ఐదో శతాబ్దం వచ్చేసరికి హిప్పో పీఠాధిపతి అగస్టీన్ వాళ్ళ పండుగనాడు ప్రసంగాలు చేశాడు. వాళ్ళ పేర్లు రెండూ కలిపితే లాటిన్‌లో నిత్యానందం అని వస్తుందని చమత్కరించాడు. ఆడపుట్టుకలో ఉండి మగవాళ్ళ ధైర్యం చూపించారని మెచ్చుకున్నాడు. ‘చెయ్యను’ అన్న మనిషి నెమ్మదిగా విధేయతకి ఉదాహరణ అయిపోయింది. తన రాత తాను రాసుకున్న స్త్రీకే ఈ గతి పడితే, ఒక్క ముక్కలో తేలిపోయిన సోదరి సంగతి చెప్పేదేముంది?

20వ శతాబ్దంలో ఈ ప్రేమకి పెద్ద సిద్ధాంతమే తయారైంది. స్వీడన్‌కి చెందిన ఆండర్స్ నైగ్రెన్ 1930లలో ‘అగాపే, ఎరోస్’ అనే గ్రంథం రాశాడు. ఏమీ కోరకుండా తనని తాను ఇచ్చేసుకునే అగాపేనే అసలైన క్రైస్తవ ప్రేమ అన్నాడు. 1960లో వాలెరీ సైవింగ్ అనే అమెరికన్ పరిశోధకురాలు ఒక వ్యాసంలో దీన్ని నిలదీసింది. అహంకారమే మూల పాపమని, దానికి మందు తనని తాను మరిచిపోవడమని మగ వేదాంతులు తమ అనుభవం నుంచి చెబుతున్నారు, కానీ ఆడవాళ్ళ కష్టం దానికి ఎదురుగా ఉందంది. వాళ్ళకి తమదంటూ ఒక ‘నేను’ తయారయ్యే వీలే లేకుండా, ఎప్పుడూ ఇంకొకరి అవసరాల మధ్య ముక్కలైపోవడమే వాళ్ళ ప్రమాదం. అలాంటి వాళ్ళకి నిన్ను నువ్వు మరిచిపో అని బోధిస్తే అది మందవుతుందా, జబ్బుని పెంచుతుందా? స్త్రీవాద వేదాంతానికి దారి వేసిన వ్యాసాల్లో ఇదొకటి.

అది చదివినప్పుడు పెద్దమ్మే గుర్తొచ్చింది. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోతే ఆమె పుట్టింటికొచ్చింది. నాకు 14 నెలలప్పుడు మా అమ్మ నర్సు ఉద్యోగానికి కువైట్ వెళ్ళింది. అప్పులున్నాయి, వెళ్ళక తప్పలేదు. పిల్లని వదిలి వెళ్ళిందని అమ్మ త్యాగం గురించి ఊరంతా చెప్పుకున్నారు. అది నిజమే, దాన్ని తక్కువ చెయ్యను. ఆ పిల్ల పదకొండేళ్ళు ఎవరి పక్కన పడుకుందో మాత్రం అంతగా చెప్పుకోలేదు. ఆ ఏడాదే పెద్దమ్మకి టీచర్ ట్రైనింగ్‌లో సీటొచ్చిందని, నా వల్ల వెళ్ళలేదని నాకు ముప్పై దాటాక తెలిసింది. బియ్యంలో రాళ్ళేరుతూ మామూలుగా చెప్పింది.

“మరి అంత త్యాగం ఎట్లా చేశావు పెద్దమ్మా?” అన్నాను.

“త్యాగమా పాడా! నువ్వు ఏడుస్తంటే ఎత్తుకున్నా. నన్నెవరడిగారే, వెళ్తావా ఉంటావా అని?”

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. పెర్పెతువని అడిగారు. తండ్రి అడిగాడు, అధికారి అడిగాడు. అవునన్నా కాదన్నా ఆమెకో మాట ఉంది. యోహాను సువార్త 10వ అధ్యాయంలో యేసు కూడా తన ప్రాణాన్ని ఎవరూ లాక్కోవడం లేదని, తానే ఇస్తున్నానని గట్టిగా చెప్పుకుంటాడు. క్రైస్తవం త్యాగాన్ని ప్రేమ అంటున్నది ఈ షరతు మీదే కదా. కాదనే వీలున్న మనిషి అవునంటే అది ఇవ్వడం. అడగకుండానే తీసుకుని, తీసుకున్నాక త్యాగమని పేరు పెడితే, ఇచ్చిన మనిషిని మనం రెండోసారి దోచుకున్నట్టే. పెద్దమ్మ నన్ను ప్రేమించలేదని దీనర్థం కాదు. ప్రేమించింది కాబట్టే మేమెవరం అడగాల్సిన అవసరం లేదనుకున్నాం.

ఇందులో నా వాటా కూడా ఉంది. నా సిద్ధాంత గ్రంథం మొదటి పేజీల్లో కృతజ్ఞతలు చెప్పాను. గైడ్‌కి, లైబ్రరీ సిబ్బందికి, స్నేహితులకి, భర్తకి, పేరుపేరునా చెప్పాను. చివర ‘సహకరించిన కుటుంబ సభ్యులందరికీ’ అని ఒక ముక్క. ఆ ముక్కలో పెద్దమ్మ ఉంది. పేరు తెలియని ఆ సంకలనకర్త మీద ఇంత కోపం తెచ్చుకున్న నేను చేసిందీ ఆయన చేసిందే. ఆ సోదరి పేరు ఆయనకి తెలియక రాయలేదేమో. నాకు తెలిసీ రాయలేదు.

ఈ వ్యాసంలోనైనా ఆ తప్పు దిద్దుకుందామని పెద్దమ్మకి ఫోన్ చేసి, నీ పేరు రాయనా అని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. “వద్దులే అమ్మాయ్” అంది. అలవాటైన వెనకడుగా, నిజంగానే ఇష్టం లేదా అని మళ్ళీ అడిగాను. “అడిగావుగా, వద్దన్నాగా” అంది, కాస్త విసుగ్గానే.

కాబట్టి రాయడం లేదు.